గట్టి మాంసం, సన్న మంట

(చిత్తూరులో ఇంటి వంట నేర్చుకుంటున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉండండి. ఈ మైకును చట్టి పక్కన పెడతాను. వినండి.

విన్నారా? ఒక "బుడుక్". కాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక "బుడుక్". ఈ చట్టిని పొద్దున ఎనిమిదిన్నరకు పొయ్యి మీద పెట్టాను. ఇప్పుడు పన్నెండు కావస్తోంది. ఈ మూడున్నర గంటలూ ఇదే చప్పుడు. ఈ రోజు నేను చెప్పేదంతా దీని గురించే అనుకోండి. సలసలా కాగిందంటే కూర చెడిపోయినట్టే. ఒక బుడుక్‌కూ ఇంకో బుడుక్‌కూ మధ్య మీరు ఒక మాట మాట్లాడుకోగలిగితే కూర సరిగ్గా నడుస్తున్నట్టు.

లోపల ఉన్నది పెద్దకూర. ఎర్ర వైన్‌లో ఉడుకుతోంది. ఫ్రాన్సులో తూర్పు వైపు బుర్గుండీ అని ద్రాక్షతోటల సీమ ఉంది. అక్కడి వంట ఇది. ఇప్పుడు పెద్ద పెద్ద హోటళ్లలో చాలా ఖరీదు పెట్టి తింటారు గానీ, వాడే మాంసం మాత్రం ఖరీదైనది కాదు. ఎక్కువ పని చేసిన కండ, నమలడానికి వీలుకాని ముక్క, దాన్ని ఆ ఊళ్లో చవకగా దొరికే వైన్‌తో నెమ్మదిగా మెత్తబరిచే పద్ధతి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం తేటగా చెప్పాలి. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును గానీ, దూడను గానీ కోయకూడదు. నేను వాడేది ఎనుము మాంసం, అదీ పద్ధతి ప్రకారం నడిచే అంగట్లో కొన్నది. మీరు కూడా అట్లాంటి చోటే కొనండి. ఇంకొకటి. తిరుమల కొండ మనకు దగ్గరలోనే ఉంది. అక్కడ మాంసం, మద్యం రెండూ నిషేధం. ఆ కట్టుబాటు మీద నాకు గౌరవం ఉంది. నేను మాట్లాడుతున్నది ఇక్కడ, చిత్తూరులో, ఇది తినే ఇళ్లవాళ్లతో. తినని వాళ్లు ఎవరైనా ఈ హాల్లో ఉంటే, ఈ పద్ధతి మీకూ పనికొస్తుంది. ముదురు నాటుకోడి పుంజును ఇట్లాగే చేయొచ్చు. ఫ్రాన్సులో కూడా ముసలి పుంజును వైన్‌లో ఇట్లాగే వండుతారు, అది వేరే పేరున్న వంట. పొట్టేలు కాలి మాంసమైనా బాగుంటుంది.

నేను దీన్ని మొదటిసారి బెంగుళూరులో ఒక హోటల్ వంటింట్లో నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే ముందు చెడగొట్టాను. పెద్ద వంటవాడు సెలవు పెట్టిన రోజున, మంచిగా చేసి చూపిద్దామని, అంగట్లో ఉన్న వాటిల్లోకెల్లా మెత్తని ముక్క, నడుము దగ్గరి కండ, తెప్పించాను. త్వరగా అవ్వాలని పెద్ద మంట పెట్టాను. మూడు గంటల తర్వాత చూస్తే ముక్కలు రంపపు పొట్టు లాగా రాలిపోతున్నాయి. చారులో తడిసి ఉన్నాయి, నోట్లో పెడితే మాత్రం ఎండు గడ్డి. మరుసటి రోజు ఆయన రుచి చూసి, చెంచా కింద పెట్టి, ఒకే మాట అడిగాడు. "నిన్ను మెత్తటి మాంసం ఎవరు కొనమన్నారు?"

ఆ ప్రశ్న నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. జంతువు ఎక్కువ కదిలించే చోట, అంటే కాలి పిక్క, మెడ, భుజం దగ్గర, కండ పోగులను కట్టలు కట్టినట్టు తెల్లటి జిగురు పొరలు ఉంటాయి. దాన్ని కొల్లాజెన్ అంటారు. పచ్చిగా ఉన్నప్పుడు అది తాడు. పళ్లకు తెగదు. కానీ నీళ్లలో 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచితే ఆ తాడు కరిగి జెలటిన్ అవుతుంది. మేక కాళ్ల సూప్ చల్లారాక గడ్డ కడుతుంది చూడండి, వేళ్లు అతుక్కుంటాయి చూడండి, అదే జెలటిన్. నడుము కండలో ఈ జిగురు చాలా తక్కువ. కరగడానికి లోపల ఏమీ లేనప్పుడు మూడు గంటలు ఉడికిస్తే ఉన్న తేమంతా పోయి పీచు మిగులుతుంది. గట్టి ముక్కలోనేమో పోగులు ఎండుతున్న సమయంలోనే జిగురు కరిగి వాటి మధ్యకు చేరుతుంది. తిన్నప్పుడు నోటికి తగిలే ఆ మెత్తదనం, పెదవులకు అంటుకునే ఆ జిగట, అంతా దానిదే.

మరి మంట ఎందుకు తగ్గించాలి, పెద్ద మంట మీద ఇంకా త్వరగా కరగదా అని అడుగుతారు. కరుగుతుంది. కానీ వేడి ఎక్కేకొద్దీ కండ పోగులు తడి బట్టను పిండినట్టు ముడుచుకుని రసాన్ని బయటికి తోసేస్తాయి. సలసలా మరిగితే ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు చితికిపోతాయి, కొవ్వు చారులో కలిసి మబ్బుగా అవుతుంది. అందుకే 85 నుంచి 95 డిగ్రీల మధ్య, అంటే ఆ బుడుక్ చప్పుడు దగ్గర నిలపాలి. థర్మామీటర్ ఉంటే పెట్టుకోండి. లేకపోయినా చెవి చాలు.

ఇది చెబుతుంటే నాకు మా అవ్వ గుర్తొస్తుంది. మాది క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కూర తయారుగా ఉండాలని మా అవ్వ తెల్లవారుజామునే మాంసం కడిగి మట్టి చట్టిలో వేసేది. సంగటి గెలికేశాక కట్టెలు లాగేసి, పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి, దాని మీద చట్టి పెట్టి, మూకుడు బోర్లించి, దాని మీద కూడా నాలుగు నిప్పులు వేసి వెళ్లేది. నివురుగప్పిన నిప్పు అని మనం మాటల్లో వాడుకుంటాం. మా అవ్వ దాని మీద వంట చేసింది. బెంగుళూరులో ఆ పెద్ద వంటవాడు ఒక రోజు చెప్పాడు, ఈ పద్ధతిని ఇంగ్లీషులో బ్రేజింగ్ అంటారు, ఫ్రెంచిలో "బ్రెజ్" అంటే కణకణలాడే నిప్పులు, వెనకటి రోజుల్లో వాళ్లు కూడా మూత మీద నిప్పులు పోసేవాళ్లు అని. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో ఈ కూర వండిన రోజు చిన్నప్పుడు నేను బడిలో ఏం తిన్నావంటే చెప్పేవాణ్ని కాదు. పప్పు అని అబద్ధం చెప్పేవాణ్ని. గట్టి మాంసం తినేవాళ్లు తక్కువవాళ్లు అన్నట్టు చూసే చూపు ఒకటి ఉంటుంది, మీలో కొందరికి తెలుసు. ఆ గట్టి మాంసాన్ని మెత్తబరచడంలో మా అవ్వకు ఉన్న పనితనం, పేరు మోసిన వంటిళ్లలో జీతమిచ్చి నేర్పించే పనితనం ఒకటే. ఆ మాట నలుగురి ముందు చెప్పాలనే ఈ రోజు వచ్చాను.

సరే, వంటలోకి వద్దాం.

అంగట్లో "భాయ్, పిక్క కావాలి, బోన్‌లెస్, ముక్క పెద్దది కొట్టు" అని అడగండి. చెప్పకపోతే కూరకు కొట్టినట్టు చిన్న ముక్కలు కొట్టేస్తారు. మనకు పెద్ద నిమ్మకాయంత ముక్క కావాలి. చిన్నదైతే ఇన్ని గంటలకు చెదిరిపోతుంది. తెల్లటి నరాల్లా కనిపించేవాటిని తీసేయమని చెప్పకండి, అవే మనకు కావాల్సింది. ఎనుము మాంసం ముదురు ఎరుపులో ఉంటుంది, కొవ్వు తెల్లగా ఉంటుంది. ఆవు జాతి మాంసానికి కొవ్వు కాస్త పసుపు. ఫ్రెంచి వంటల పుస్తకంలో రెండున్నర గంటలని రాస్తే ఎనుముకు మూడున్నర, నాలుగు వేసుకోండి. దీని పీచు ముతక, కొవ్వు తక్కువ.

కిలో మాంసానికి ఒక సీసా వైన్, అంటే 750 మిల్లీలీటర్లు. రెండు ఎర్రగడ్డలు, రెండు క్యారెట్లు, ఆరేడు తెల్లగడ్డ పాయలు, రెండు చెంచాల మైదా, ఒక టమోటా, రెండు గ్లాసుల ఎముకల నీళ్లు. చివర్లో వేయడానికి పదిహేను ఇరవై సాంబారు ఎర్రగడ్డలు, ఒక ప్యాకెట్ పుట్టగొడుగులు. వాళ్లు పంది కొవ్వు ముక్కలతో మొదలుపెడతారు. నేను చెనిక్కాయ నూనె వాడతాను. పక్కన వైన్ లేకుండా చేసే చట్టి నుంచి మా వీధిలో సాయిబుల ఇళ్లకు కూడా వెళ్లాలి కాబట్టి ఏ చట్టిలోనూ ఎప్పుడూ పంది కొవ్వు వేయను, దానివల్ల నాకు ఏ లోటూ కనిపించలేదు.

మసాలా ఆకుల గురించి ఒక మాట. వాళ్లు థైమ్ అనే ఆకు వేస్తారు. అది దొరక్కపోతే దిగులు పడకండి. థైమ్‌కు ఆ వాసన ఇచ్చేది థైమాల్ అనే నూనె, మన వాములో ఉండేది కూడా అదే. పావు చెంచా కన్నా తక్కువ వాము నలిపి వేయండి. ఎక్కువైతే కడుపునొప్పి మందులా ఉంటుంది. బిర్యానీ ఆకు మాత్రం వాళ్ల ఆకు కాదు, చెట్టే వేరు. మనదానికి దాల్చినచెక్క వాసన ఉంటుంది, ఒక్కటి చాలు.

ఇప్పుడు మాంసాన్ని గుడ్డతో ఒత్తి తడి లేకుండా తుడవండి. ఇది అందరూ వదిలేసే పని. తడి ఉన్నంతసేపూ ముక్క వేగదు, తన నీళ్లలో తానే ఉడుకుతుంది. నూనె బాగా కాగాక ముక్కలు ఒకదానికొకటి తగలకుండా నాలుగైదు మాత్రమే వేసి, కదపకుండా వదిలేయండి. కదపాలనిపిస్తుంది. చేతులు కట్టుకోండి. రెండు మూడు నిమిషాలకు అడుగు ముదురు గోధుమ రంగుకు వచ్చి, ముక్క తనంతట తానే గిన్నెను వదులుతుంది. అప్పుడు తిప్పండి. 140 డిగ్రీలు దాటాక మాంసంలోని ప్రొటీన్లు, చక్కెరలు కలిసి కొత్త రుచులు, కొత్త రంగులు పుట్టిస్తాయి. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. నీళ్లు వంద దగ్గర ఆగిపోతాయి కాబట్టి ఉడికిస్తే ఆ రుచి అంత తొందరగా రాదు. వేయించాల్సిందే. కిలో మాంసం వేగడానికి ముప్పావు గంట పట్టినా పట్టనీయండి. రుచిలో సగం ఇక్కడే ఉంది.

ముక్కలన్నీ తీసేశాక గిన్నె అడుగు చూడండి. గోధుమ రంగు పొర ఒకటి పట్టి ఉంటుంది. కొత్తగా చేసేవాళ్లు మాడిందనుకుని గిన్నె కడిగేస్తారు. పాలకుండ అడుగున గోకుడు కోసం పిల్లలు పోట్లాడుకునేది మనకు తెలుసు కదా, ఇది మాంసం గోకుడు. నల్లగా ఉంటే చేదు, అప్పుడు పారేయాల్సిందే. గోధుమ రంగులో ఉంటే అది బంగారం. దాంట్లోనే ఎర్రగడ్డ, క్యారెట్, తెల్లగడ్డ వేసి వేయించి, మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా తిప్పి, పొయ్యి ఆపేసి అప్పుడు వైన్ పోయండి. మంట మీదే పోస్తే ఆవిరికి నిప్పంటుకోవచ్చు, జాగ్రత్త. పోశాక మళ్లీ వెలిగించి, చెక్క గరిటెతో అడుగు గోకండి. సగానికి దగ్గరగా ఇంకనివ్వండి. తర్వాత మాంసం, ఎముకల నీళ్లు, టమోటా, ఉప్పు కొంచెం తక్కువ, మిరియాలు. ముక్కలు మునిగీ మునగనట్టు ఉండాలి.

గిన్నె విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. అల్యూమినియం దబరా వద్దు. వైన్‌లో పులుపు ఉంది, అది అల్యూమినియంతో కలిసి లోహపు రుచి వస్తుంది. ఇనుప బాణలిలో రంగు నల్లబడుతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె, లేదా నేను తెచ్చినట్టు పాతబడిన మట్టి చట్టి. మట్టి చట్టిలో మాంసం వేయించకండి, వేయించడం స్టీలు గిన్నెలో చేసుకుని తర్వాత మార్చండి. మూత సరిగ్గా కూర్చోకపోతే గోధుమపిండి ముద్దతో అంచు మూసేయండి, దమ్ బిర్యానీకి చేసినట్టు.

కుక్కర్ పెట్టుకోవచ్చా? ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. కుక్కర్ లోపల 120 డిగ్రీల దాకా వెళుతుంది, ముప్పావు గంటలో మాంసం మెత్తబడుతుంది. గ్యాస్ ఖర్చు, టైమ్ చూసుకునేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ ముక్క బయట చెదిరి లోపల పొడిగా ఉంటుంది, చారు చిక్కబడదు. తర్వాత ఎంత మరిగించినా ఈ చిక్కదనం రాలేదు నాకు. సెలవు రోజు ఒకటి దొరికితే, చిన్న బర్నర్ మీద సిమ్‌లో పెట్టి, బట్టలు ఉతుక్కుంటూ, పిల్లలతో చదివిస్తూ చేసుకోండి. ప్రతి ముప్పావు గంటకు ఒకసారి వచ్చి వింటే చాలు.

ఇక వైన్. మా అవ్వకు తెలిసిన ద్రాక్షారసం ప్రభురాత్రి భోజనంలో పాస్టరు గారు ఇచ్చే గుక్క మాత్రమే. ఒక సీసా మొత్తం కూరలో పోస్తానంటే మా అమ్మ ఈ రోజుకీ మొహం చిట్లిస్తుంది. ఖరీదైనది అక్కర్లేదు. చూడాల్సింది రెండే. తీపి ఉండకూడదు. మన దగ్గర పోర్ట్ వైన్ అని అమ్మేది చాలావరకు తీపి. అది ఇంకితే కూర పాకంలా అవుతుంది. రెండోది వగరు. ఎర్ర వైన్‌లో నేరేడు పండు తిన్నప్పుడు నాలుక పట్టేసినట్టు ఒక వగరు ఉంటుంది, టానిన్ అంటారు. ఇంకేకొద్దీ అది పెరుగుతుంది. అందుకే మరీ వగరున్న వైన్ వద్దు. బుర్గుండీలో వాడే పీనో న్వార్ ద్రాక్షకు వగరు తక్కువ, అందుకే వాళ్లకు సులువు. మాంసంలో జెలటిన్ కరిగాక ఆ వగరు చాలావరకు దిగిపోతుంది. టీ డికాక్షన్‌లో పాలు పోస్తే వగరు తగ్గుతుంది కదా, ఇదీ అట్లాంటిదే. రెండుచోట్లా ప్రొటీన్ టానిన్‌ను పట్టుకుంటుంది. పక్క రాష్ట్రంలో చవకని సీసాలు బ్యాగులో వేసుకుని రావద్దు, చెక్‌పోస్టులో పట్టుబడతారు. ఇక్కడే కొనుక్కోండి.

ఉడికితే మద్యం మొత్తం ఎగిరిపోతుందని చాలామంది నమ్ముతారు. 78 డిగ్రీలకే ఆల్కహాల్ మరుగుతుంది కదా అంటారు. నిజం కాదు. నీళ్లలో కలిసి ఉన్నప్పుడు అది మొత్తం విడిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం రెండున్నర గంటలు ఉడికించినా దాదాపు 5 శాతం మిగులుతుంది. లెక్క వేసుకోండి. ఒక సీసాలో సుమారు 90 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటే, చివరికి నాలుగైదు మిల్లీలీటర్లు మిగులుతుంది. ఆరుగురు తింటే మనిషికి ఒక మిల్లీలీటరు కూడా రాదు. మత్తు ఎక్కదు. కానీ సున్నా కాదు. మతం వల్ల గానీ, మానేసిన అలవాటు వల్ల గానీ, ఒంట్లో బిడ్డ ఉండటం వల్ల గానీ వద్దనుకునేవాళ్లకు ఆ సున్నా ముఖ్యం. ఒకసారి నేను పండక్కి వచ్చిన ఒక స్నేహితుడికి చెప్పకుండా పెట్టాను. చెప్పేదేముంది, ఉడికిపోయింది కదా అనుకున్నాను. తిన్నాక తెలిసింది అతనికి. ఏమీ అనలేదు, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ నాతో మామూలుగా మాట్లాడటానికి ఏడాది పట్టింది. అది పూర్తిగా నా తప్పు. అప్పటినుంచి వడ్డించే ముందు చెబుతాను, పక్కన వైన్ లేని చట్టి ఒకటి పెడతాను.

చివరి ముప్పావు గంటలో సాంబారు ఎర్రగడ్డలు, పుట్టగొడుగులు విడిగా వేయించి వేయాలి. ముందే వేస్తే కరిగిపోతాయి. కారం, గరం మసాలా వేయాలని చేయి లాగుతుంది. వద్దు. వేస్తే వైన్ ఎక్కడికి పోయిందో తెలియదు. కారం కావాలంటే పక్కన చెనిక్కాయ ఊరుబిండి పెట్టుకోండి. వాళ్లు ఉడికించిన ఉర్లగడ్డతో, రొట్టెతో తింటారు. నేను రాగి సంగటితో తింటాను, ఈ చారుకు దాని కన్నా మంచి జోడీ నాకు దొరకలేదు. సంగటి ముద్దలో గుంట చేసి చారు పోసుకోండి.

ఓపిక ఉంటే ఈ రోజు వండి రేపు తినండి. చేపల పులుసు మరుసటి రోజు ఎందుకు బాగుంటుందో మనకు చెప్పక్కర్లేదు. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన తెట్టులా కడుతుంది, చెంచాతో తీసేయొచ్చు. మళ్లీ వేడి చేసేటప్పుడు కూడా సన్న మంటే.

మా అవ్వ పోయే ముందు ఏడాది ఒకసారి ఆమెకు ఇది వండిపెట్టాను. పళ్లు లేవు. ముక్కను వేళ్లతో నొక్కింది, విడిపోయింది. చారులో అద్దుకుని తింది. వైన్ సంగతి ముందే చెప్పాను. "మన పెద్దకూరే కదా నాయనా, పులుపు ఒకటే వేరే" అంది. ఇంకో ముక్క అడిగింది.

పన్నెండున్నర అయింది. మూత తీస్తున్నాను, ముందు వరసలో వాళ్లు కాస్త వెనక్కి జరగండి, ఆవిరి తగులుతుంది. ఇదిగో, చెంచా అంచుతో నొక్కితే విడిపోతోంది చూడండి. కత్తి అక్కర్లేదు. నా కుడి చేతి వైపు ఉన్నది వైన్ చట్టి. ఎడమ వైపు తెల్ల దారం కట్టిన చట్టిలో వైన్ చుక్క లేదు, నల్ల ద్రాక్ష రసం, పలుచటి చింతపండు పులుసు పోశాను. రెండింటి గరిటెలూ వేరు, కలపకండి. సంగటి వెనక బల్ల మీద ఉంది. అక్కలు ముందు రండి.